ఫొటోలో కాళ్లు కోయొద్దు

(వాడ యువకుల కబడ్డీ పోటీల ముగింపు రోజు మా బృందం తరఫున చేసిన ప్రసంగం)



కబడ్డీ దగ్గర ఫొటోల సంగతేంటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. పోయిన ఏడు ఇక్కడే మన జట్టు గెలిచింది. ఏడుగురినీ నిలబెట్టి ఫొటో తీయించి ఒక పత్రికకి పంపాం. అచ్చులో ఏం వచ్చింది? కప్పు, కప్పిచ్చిన పెద్దమనిషి, ఆయన పక్కన మనవాళ్లు ఇద్దరు. మిగతా అయిదుగురూ కత్తెర పాలు. వాళ్లలో ఒకడి తల్లి ఆ పేపరు కొనుక్కొచ్చి "మావోడు యాడున్నాడయ్యా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి ఏ ఫొటో చూసినా ముందు దాని అంచులు చూడ్డం మాకు అలవాటైపోయింది.

ఇదిగో, గోడకి అంటించిన ఈ నలుపు తెలుపు ఫొటో చూడండి. టీషర్టుల మీద కూడా చూసుంటారు. 1968 అక్టోబరు 16, మెక్సికో నగరం, ఒలింపిక్స్. 200 మీటర్ల పరుగులో నల్లజాతి అమెరికన్ టామీ స్మిత్ 19.83 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టి మొదట వచ్చాడు. రెండోవాడు ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్. మూడోవాడు ఇంకో నల్లజాతి అమెరికన్, జాన్ కార్లోస్. అమెరికా జాతీయగీతం మొదలవగానే నల్లవాళ్లిద్దరూ తలలు దించి, నల్ల గ్లౌజు తొడిగిన పిడికిళ్లు పైకెత్తారు. లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫరు జాన్ డొమినిస్ తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఇప్పుడు ఈ అట్టముక్కతో నడుం కింద భాగం మూసేస్తున్నాం. ఏం మిగిలింది? రెండు పిడికిళ్లు. ఎవరో కోపంగా ఉన్న మనుషులు. చాలా చోట్ల ఇలాగే వేస్తారు. అట్ట తీశాం. కాళ్లు చూడండి. బూట్లు లేవు, నల్ల మేజోళ్లతో మెట్టెక్కారు. ఆ మేజోళ్లు మా జనం పేదరికానికి గుర్తని స్మిత్ తర్వాత టీవీలో తనే చెప్పాడు. కార్లోస్ ట్రాక్‌సూట్ జిప్పు పెట్టుకోలేదు, అది కష్టజీవుల కోసం. మెడలో పూసలు ఉరేసి చంపిన నల్లవాళ్ల కోసం. కాళ్లు కోస్తే కోపం మిగుల్తుంది గానీ ఆ కోపానికి కారణం ఎగిరిపోతుంది. కోప్పడేవాళ్లని మనకి చూపించడం వాళ్లకి ఇష్టమే, ఎందుకు కోప్పడ్డారో చూపించడమే ఇష్టముండదు.

ఇంకో సంగతి. నలుపు తెలుపులో బంగారు పతకం, కంచు పతకం ఒకేలా ఉంటాయి. ఎవడు మొదలో ఎవడు మూడో మెట్టుని బట్టే తెలియాలి. మెట్టు కూడా కోసేస్తే అదీ పోయినట్టే.

ఇప్పుడు అట్టని ఎడమ పక్కకి జరుపుతున్నాం. నార్మన్ మాయమయ్యాడు. పిడికిలెత్తలేదు గదా, ఈ తెల్లవాడితో మనకేం పని అనుకుని మనలాంటి వాళ్లు కూడా చాలామంది అతన్ని కోసేశారు. అతని రొమ్ము మీద బిళ్ల చూశారా? మిగతా ఇద్దరి మీదా ఉన్న మానవ హక్కుల బిళ్లే. అడిగి పెట్టుకున్నాడు. కార్లోస్ తన గ్లౌజులు మర్చిపోయొస్తే, స్మిత్ జతనే చెరొకటి తొడుక్కోమన్నవాడు కూడా నార్మనే. ఒకరిది కుడిచెయ్యి, ఒకరిది ఎడంచెయ్యి లేచింది అందుకే.

నల్లవాళ్లిద్దర్నీ జట్టులోంచి తీసేసి పంపించేశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి ఆస్ట్రేలియా నార్మన్‌ని పంపలేదు. ఎందుకన్నది అక్కడ ఇంకా తగువే. 2012లో ఆ దేశ పార్లమెంటు క్షమాపణ చెప్పింది. ఏం లాభం, 2006లోనే చచ్చిపోయాడు. పాడె మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. అతను ఆ రోజు పరిగెత్తిన 20.06 సెకన్లు 2024 డిసెంబరు దాకా ఆస్ట్రేలియా రికార్డు.

2005లో వాళ్లు చదివిన శాన్ హోసే యూనివర్సిటీలో విగ్రహాలు పెట్టారు. నార్మన్ చోటు ఖాళీగా ఉంది. ఇదీ కోతేనా? కాదు. ఎవరైనా వచ్చి అక్కడ నిలబడొచ్చని అతనే ఖాళీ ఉంచమన్నాడు. అతన్ని అడిగారు. మన అయిదుగుర్ని ఎవరడిగారు?

అయితే కత్తెర పెట్టకపోతే అన్నీ కనిపిస్తాయనీ కాదు. పాల్వంకర్ బాలూ సంగతి తీసుకోండి. చమార్ కులస్తుడు, పుణేలో ఇంగ్లీషువాళ్లకి పిచ్ చదును చేస్తూ, బంతులేస్తూ ఎదిగిన స్పిన్నరు. 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టులో వందకి పైగా వికెట్లు తీశాడు. ఆయన ఫొటోలో టోపీ పెట్టుకున్న ఆటగాడు కనిపిస్తాడు, అంతే. పుణేలో ఆయన ముట్టిన బంతిని హిందూ జట్టువాళ్లు పట్టుకునేవాళ్లు. టీ వేళకి మాత్రం వాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, ఆయనకి బయట మట్టిముంతలో పోసేవాళ్లు. టీ కొట్టులో రెండు గ్లాసులు చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ ముంత ఏ ఫొటోలోనూ లేదు. అందుకే ఫొటో కింద రాయాలి. పేరు, ఊరు, సంగతి, అన్నీ. రాయని ఫొటోకి అర్థం ఎవడి చేతిలో పేపరుంటే వాడు రాసుకుంటాడు.

మన కరపత్రాలు వేసేవాళ్లకీ ఇది చెప్తున్నాం. జాగా చాలక మొహాలొక్కటే కోసి గుండ్రంగా పెడతారు, మేమూ పెట్టాం. ఇక జాగా చాలకపోతే మన రాతే తగ్గిద్దాం.

మాటలు చాలు, వెలుతురు పోతోంది. జట్లు రెండూ ఇటు రండి. ఫొటో తీసే తమ్ముడూ, నాలుగడుగులు వెనక్కి జరుగు, గీత కూడా పడాలి. చెప్పుల్లేనివాళ్లు చెప్పులు అరువు తెచ్చుకోవద్దు. పోయినేడు పేపరు పట్టుకొచ్చిన అమ్మని కూడా పిలవండి, కొడుకు పక్కన నిలబడుతుంది.