వాయువును పసిగట్టే చిప్పు

సిలికాన్ చిప్పు మీద ఒక సన్నని పట్టీ. పొడవు మిల్లీమీటరులో చిన్న భాగం, మందం ఒకటి రెండు మైక్రాన్లు. ఒక చివర చిప్పుకు అంటి ఉంటుంది, రెండో చివర సెకనుకు వేల సార్లు ఊగుతుంది.

పట్టీకి ప్రత్యేకమైన పాలిమర్ పూత పూస్తారు. గాలిలోని వాయువు అణువులు ఆ పూతను అంటుకోగానే బరువు రవ్వంత పెరుగుతుంది, ఊపు నెమ్మదిస్తుంది. వీణలో లావు తీగ మంద్రంగా పలికినట్టే. ఆ తేడాను కొలిస్తే చాలు, వాయువు జాడ తెలిసిపోతుంది.

ఈ సూత్రానికి లెక్క కట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త గుంటర్ జావర్‌బ్రై. 1959లో ఆయన క్వార్ట్జ్ స్ఫటికంతో దీన్ని నిరూపించాడు. సెకనుకు 50 లక్షల సార్లు కంపించే స్ఫటికం మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 18 నానోగ్రాముల పదార్థం చేరినా, ఆ కంపనాల్లో ఒకటి తగ్గుతుంది!

అసలు చిక్కు గాలిలోని తేమ, వేడిలతోనే. అవి కూడా ఊపును మారుస్తాయి. అందుకే పూత లేని మరో పట్టీని పక్కన ఉంచి, రెండింటి తేడా చూస్తారు. పలు వాయువులను విడదీయాలంటే వేర్వేరు పూతల పట్టీలను వరుసగా అమరుస్తారు.

మన దేశంలోనూ ఈ కృషి గట్టిగా సాగింది. ఐఐటీ బొంబాయిలో తెలుగు శాస్త్రవేత్త వి. రాంగోపాల్‌రావు బృందం ఇలాంటి సూక్ష్మ పట్టీల మీద ఏళ్ల తరబడి పరిశోధించింది. ఆ పునాదిపై రూపొందిన నానోస్నిఫర్ అనే పరికరం 2021లో విడుదలైంది. పేలుడు పదార్థాల ఆనవాళ్లను అది సెకన్లలోనే పట్టేస్తుంది.