మైకు కూత – దాని నివారణము
(రజతోత్సవ సభలో చదివిన ప్రసంగము)



పద్దులు వ్రాసికొనువానికి మైకుతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. కారణము చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు వాకిటనే మా వృద్ధ గురువుగారు విరాటపర్వమును గూర్చి ప్రసంగింప లేచిరి. వారిది సన్నని కంఠము. నోరు విప్పినంతనే యంత్రము కీచుమని యరచెను. మూడుమార్లు మొదలిడి, మూడుమార్లు నాగి, "నాయనా, ఇక దీనినే వినుడు" అని కూర్చుండిరి. ఆ యేడే గతించిరి. నాటినుండి ఆ కూతకు మూల మేమో కనుగొనవలె నను పట్టుదల నాకు గలిగినది.

మైకు గ్రహించిన ధ్వనిని యంత్రము పెంచి స్పీకరున కిచ్చును. స్పీకరునుండి వెలువడినదానిలో కొంత మరల మైకునే చేరును. ఇది అచ్చముగా చక్రవడ్డి లెక్క. పోయిన రూపాయి ముప్పావలాగా తిరిగి వచ్చుచున్నంతవరకు ప్రతి చుట్టునకును తరిగి మాయమగును. రూపాయి మీద ఒక్క పైస యధికముగా వచ్చెనా, చుట్టుచుట్టునకు పెరిగి క్షణములో చెవులు చిల్లులు పడును. అన్ని స్వరములును కూయవు. తిరిగి వచ్చి తన యలతో తానే సరిగా కలిసికొన్న స్వరమే కూయును. డెన్మార్కు భౌతికశాస్త్రజ్ఞుడగు లార్సెన్ పేర దీనిని లార్సెన్ ప్రభావ మందురు.

కావున మందు ఆ రాబడిని తగ్గించుటయే. స్పీకర్లు మైకునకు ముందు, జనమువైపు తిరిగి యుండవలెను. వక్త వీపువెనుక గోడకు వానిని కట్టువారిని చూచితిని; అది యే శాస్త్రమో! వక్త మైకునకు దగ్గరగా నిలువవలెను. అడుగు దూరము అరయడు గైనచో కంఠము మైకునకు సుమారు 6 డెసిబెళ్ళు హెచ్చుగా నందును. వాల్యూము నంతమేర తగ్గింపవచ్చును. 1939లో అమెరికాలో షూర్ సంస్థవారు వెలువరించిన యూనిడైన్ వంటి మైకులు ముందువైపు బాగుగా విని, వెనుకవైపు చెవిటివై యుండును. అట్టిదాని జాలీని పిడికిట మూసి పాడువా రా గుణమును చేజేతుల పోగొట్టుకొందురు. వేదికపై నాలుగు మైకులు తెరచి యొక్కరే మాటాడుటయు దండుగయే. తెరచిన మైకులు రెట్టింపైన కొలది 3 డెసిబెళ్ళ యవకాశము తరుగును.

ఇంకను కూసిన, ఈక్వలైజరుతో ఆ యొక్క స్వరమును మాత్రము కోయవలెను. 1964లో ష్రోడర్ అను పండితుడు ధ్వనిని కొలది హెర్ట్‌జులు జరిపి యా చుట్టును చెదరగొట్టు నుపాయమును ప్రకటించెను. ప్రసంగమునకది చెల్లును గాని సంగీతమునకు శ్రుతి చెడును.

నేటి యుదయమున స్పీకర్లను వేపచెట్టు మొదటికి జరిపించితిని. ఇంతసేపు మాటాడినను కూత లేదు. ఇక విరాటపర్వమును గూర్చి మా గురువుగారి మనుమరాలు ప్రసంగించును. అమ్మా, మైకు దగ్గరకు రమ్ము, ఇంకను దగ్గరగా.