నీటి గుణమెరిగి ఫిల్టరు పెట్టండి



చీనీ తోట పెట్టదలచిన రైతు ముందుగా ఏం చేస్తాడు? మన్ను పరీక్షకు పంపుతాడు, బోరు నీళ్ళు పరీక్షకు పంపుతాడు. చౌడెంత, సున్నమెంత అని తెలిసిన తరువాతనే మొక్క నాటుతాడు. చెట్టుకు పోసే నీటి విషయంలో ఇంత జాగ్రత్త పడతాము. బిడ్డలకు తాపే నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రొద్దుటూరు బజారుకు పోయి, అంగడిలో చూపిన ఫిల్టరు ఏదో ఒకటి తెచ్చి గోడకు తగిలిస్తాము. ఆకుముడతకు కొట్టే మందు వేరుకుళ్ళుకు పనికిరాదు గదా! ఫిల్టరు సంగతీ అంతే. ముందు మీ నీళ్ళలోని దోషమేమో తెలుసుకోండి. ఆ దోషానికి తగిన ఫిల్టరు పెట్టుకోండి. ఈ పూట నేను మనవి చేయదలచింది ఈ ఒక్క మాటే.

మన ప్రాంతంలో నీళ్ళన్నీ ఒక్క తీరుగా ఉండవు. పెన్న ఇసుకలో చెలమ తీస్తే ఊరే నీళ్ళు తేటగా ఉంటాయి. ఇసుకే వాటికి వడపోత. అయినా దగ్గరలో ఊరి మురుగు చేరితే, ఆ తేట నీళ్ళలోనూ రోగక్రిములు ఉండవచ్చును. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నేల నాపరాతిది, సున్నపురాతిది. అటువంటి నేలలోని బావి నీళ్ళలో సున్నం దిగుతుంది. పప్పు ఎంతసేపు కాచినా మెత్తబడదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. ఇక పులివెందుల వైపు బోర్లు వందల అడుగుల లోతుకు దిగినాయి. ఆ వైపు కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు హద్దు మీరి ఉన్నట్టు పరీక్షలలో తేలింది.

ఈ ఫ్లోరైడు రాళ్ళలోనుంచి నీళ్ళలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పప్పు ఉడికే నీళ్ళే మంచినీళ్ళని మన పెద్దల లెక్క. సున్నం విషయంలో ఆ లెక్క సరియైనదే. ఫ్లోరైడు విషయంలో మాత్రం అది మోసం చేస్తుంది. సున్నం ఎక్కువగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు అంతగా నిలవదు. సున్నం తక్కువై, సోడా గుణం హెచ్చిన నీళ్ళలోనే అది తరచు ఎక్కువగా కరిగి ఉంటుంది. అంటే పప్పును చక్కగా ఉడికించే నీళ్ళే పళ్ళను, ఎముకలను చెరపవచ్చును.

మన దేశంలో ఈ జబ్బును గురించి 1937లో షార్టు అనే వైద్యుడు, ఆయన తోటివారు లోకానికి తెలియజేసినారు. వారు చూచినది ఎక్కడో కాదు, ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటరాదు. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఎనిమిదేండ్ల లోపు పిల్లలు హద్దు మీరిన నీళ్ళు తాగుతూ ఉంటే, చిగురు లోపల తయారయ్యే పళ్ళకే మచ్చ పడుతుంది. ఆ మోతాదు బాగా హెచ్చి, ఏండ్ల తరబడి తాగితే పెద్దవాళ్ళకు కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. వంగిన వెన్నును తిరిగి నిలబెట్టే మందు లేదు. ముందు జాగ్రత్త ఒక్కటే మందు.

నీళ్ళ పరీక్ష కష్టమైన పని కాదు. బోరును ఐదు నిమిషాలు ఆడించండి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, నిండా పట్టి, ఊరు, బోరు గుర్తు, తేదీ రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు ఇవ్వండి. క్రిముల పరీక్షకు మాత్రం వారిచ్చే సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజున చేర్చవలెను. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద, నీళ్ళు పరీక్షించే పెట్టెను వాడడానికి ఊరికి ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఇవ్వాలని ఏర్పాటు చేసినారు. మీ ఊళ్ళో అటువంటి పెట్టె ఉందేమో పంచాయతీలో అడగండి.

ఇక ఫలితం చేతికి వచ్చింది. దోషం మట్టి, మడ్డి అయితే పటిక తిప్పి తేర్చవచ్చు, ఇసుకలో వడకట్టవచ్చు. చిల్లగింజను అరగదీసి కలిపే పాత అలవాటు కూడా మడ్డిని దింపుతుంది. కాని ఇవేవీ క్రిములను పూర్తిగా పోగొట్టవు.

దోషం క్రిములైతే నీళ్ళను బాగా తెర్లకాచి, చల్లార్చి తాగండి. తొట్టి నీళ్ళకైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడిని కొద్ది నీళ్ళలో కలిపి, పైతేట పోసి, గంటసేపు ఆగవలెను. అల్ట్రావయొలెట్ దీపం ఉన్న ఫిల్టరు కూడా క్రిములను చంపుతుంది. అయితే నీళ్ళు తేటగా ఉంటేనే.

దోషం ఫ్లోరైడైతే కాచడం వల్ల లాభం లేదు. నీళ్ళు ఆవిరై పోతాయి, ఫ్లోరైడు గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. గుడ్డ, ఇసుక, బొగ్గు, మామూలు క్యాండిలు కూడా దాన్ని ఆపలేవు. దీనికి ఇంట్లో మూడు దారులున్నాయి. నాగపూరులోని నీరి సంస్థవారు 1970ల దశకంలో రూపొందించిన నల్లగొండ పద్ధతి ఒకటి. పటిక, సున్నం, కొద్దిగా బ్లీచింగు పొడి కలిపి తిప్పి, మడ్డి దిగిన తరువాత పైతేట తీసుకోవడం. పాళ్ళు మీ నీటి గుణాన్ని బట్టి మారుతాయి కాబట్టి పరీక్షాశాలవారిని అడిగే కలపండి. రెండవది యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టరు. మూడవది ఆర్.ఓ. యంత్రం. ఇది పలుచని పొరగుండా నీటిని ఒత్తిడితో పంపి ఉప్పును, ఫ్లోరైడును, నైట్రేటును చాలావరకు ఆపుతుంది. కుళాయి నీళ్ళలో లవణాలు హద్దులోనే ఉన్నాయని పరీక్షలో తేలితే మీకు ఆర్.ఓ. అక్కరలేదు, ఆ డబ్బు మిగిలినట్టే.

ఆర్.ఓ. పెట్టినవారు ఒక సంగతి గమనించవలెను. ఒక లీటరు మంచినీరు రావడానికి తరచు రెండు మూడు లీటర్లు వృథాగా బయటికి పోతాయి. కరువు సీమలో ఇది తక్కువ మాట కాదు. ఆ నీటిని బిందెలో పట్టి బండలు కడగడానికి, మరుగుదొడ్డికి వాడండి. దోషమంతా అందులోనే చిక్కబడి ఉంటుంది కాబట్టి పశువులకు తాపకండి, బావిలోకి వదలకండి.

ఫిల్టరు బిగించినంత మాత్రాన పని తీరలేదు. అల్యూమినా గుళికల శక్తి ఉడిగినా, ఆర్.ఓ. పొర చెడినా నీళ్ళు చూడడానికి అంతే తేటగా వస్తాయి. కాబట్టి బిగించిన వెంటనే ఒకసారి, తరువాత ఏటా కనీసం ఒకసారి, ఫిల్టరు దాటి వచ్చిన నీళ్ళను కూడా పరీక్షకు పంపండి. ఏ భాగం ఎప్పుడు మార్చినదీ గోడ మీద రాసి పెట్టుకోండి. మంచినీళ్ళను కొళాయి ఉన్న మూత పాత్రలో పోయండి, చేయి ముంచకండి. తాగడానికే కాదు, అన్నానికి, పప్పుకు కూడా ఆ నీళ్ళే వాడండి. వంటలో పోసిన ఫ్లోరైడు నీళ్ళూ కడుపులోకే పోతాయి గదా. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు ఏడెనిమిది లీటర్లు, ఐదుగురున్న ఇంటికి సుమారు నలభై లీటర్లు లెక్క వేసుకొని, దానికి సరిపడే ఫిల్టరు ఎంచుకోండి.

అంగడికి డబ్బు తీసుకుపోయే ముందు పరీక్షాశాలకు సీసా తీసుకుపోండి. ఊళ్ళో నాలుగిండ్లవారు ఒకే బోరు నీళ్ళు వాడుతూ ఉంటే, ఒక్క సీసా నలుగురికీ దారి చూపుతుంది. పాలపళ్ళు ఊడే పిల్లలున్న ఇంటివారు ఈ వారమే ఆ పని చేయండి.