కొబ్బరి మొవ్వును కాపాడుకొందము

  

ఈ రజతోత్సవ సభలో, మన కోనసీమకు అన్నము పెట్టు కొబ్బరిచెట్టును గురించి నాలుగు మాటలు చెప్పెదను.

మామిడికి కొమ్మ విరిగినచో మరియొక కొమ్మ చిగుర్చును. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది చచ్చినచో చెట్టే చచ్చును. ఆ మొవ్వుకు శత్రువులు ఇద్దరు కలరు. కొమ్ముపురుగు తలుపు తెరచును. ఎర్రముక్కుపురుగు లోనికి వచ్చి ఇల్లు కూల్చును.

కొమ్ముపురుగు నల్లని పెంకుపురుగు. రాత్రివేళ ఎగిరివచ్చి, విచ్చుకొనని మొవ్వాకును తొలుచును. ఆ ఆకు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కోసినట్లు త్రికోణాకారపు గాట్లు కనబడును. మట్టల మొదళ్ల రంధ్రములనుండి నమిలిన పీచు వెలికివచ్చును. కాని యిది పుట్టునది చెట్టుపై కాదు. మన పెంటకుప్పలలో, కుళ్లిన కొబ్బరి మొద్దులలో. తెల్లగా, లావుగా, చుట్టుకొనియుండు దాని పిల్లపురుగులు అచ్చటనే పెరుగును.

ఎర్రముక్కుపురుగు చెట్టు గాయములలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు మ్రాను లోపలి మెత్తని భాగమును తినుచు, కంటికి కనబడకుండ పెరుగును. 5 మొదలు 20 ఏండ్ల వయస్సు గల చెట్లకు ఈ బాధ అధికము. మ్రానుపై చిన్న రంధ్రములు, వానినుండి కారు గోధుమరంగు జిగురు, చెవి ఆనించినచో వినబడు కొరుకుడు చప్పుడు దీని గుర్తులు. మొవ్వు వాడి వాలిన పిమ్మట చేయగలిగినది స్వల్పము.

కావున ముందే మేల్కొనవలయును. పెంటకుప్పను తరచు తిరుగవేసి పిల్లపురుగులను ఏరి చంపవలెను; లేదా వానికి తెగులు కలిగించు మెటారైజియం అను బూజును కుప్పలో కలుపవలెను. చచ్చిన చెట్లను తోటలో నిలువనీయరాదు. దింపు తీయువాడు చెట్టెక్కినప్పుడెల్ల మొవ్వును చూచి, ఇనుపకొక్కెముతో పురుగును లాగివేయవలెను. ఒక పాలు వేపపిండికి రెండుపాళ్లు ఇసుక కలిపి మొవ్వు చుట్టునున్న మట్టల మొదళ్లలో వేయవలెను. పచ్చిమట్టను మ్రాను దాక నరుకరాదు. నాలుగడుగుల మొదలు విడువవలెను. ఎక్కుటకై మ్రానుపై గాట్లు పెట్టరాదు. గాయమైనచో తారు పూయవలెను. పురుగులను వాసనతో ఆకర్షించు ఎరబుట్టలు కూడ నేడు లభించుచున్నవి. ఊరంతయు కలిసి కట్టినచో ఫలితము మెండు.

ముక్కుపురుగు పట్టిన చెట్టుకు తోచిన మందు పోయరాదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము వారినిగాని, ఉద్యాన అధికారినిగాని సంప్రదింపుడు. మందుకు ముందు కాయలు దింపుకొని, పిమ్మట వారు చెప్పిన గడువు దాటువరకు ఆ చెట్టు కాయలు ముట్టకుడు.

తుదకొక్కమాట. పురుగునకు గట్టు లేదు, దడి లేదు. ఒకరి పెంటకుప్పలో పుట్టినది పదిమంది చెట్లను కూల్చును. తాత నాటిన చెట్టు మనుమనికి దక్కవలెనన్న, మన కుప్పతోబాటు పొరుగువాని కుప్పయు శుభ్రముగా నుండవలయును. గ్రంథాలయమును నిలిపిన ఈ ఊరి ఐకమత్యమే తోటలను కూడ నిలుపగలదని నా విశ్వాసము.