పాత లారీలో ఆయిలు ముల్లు దిగినప్పుడు

శ్రోతలలో లారీ గలవారు కొందరే యుందురు. కాని అప్పు చేసి పాత లారీ నొకదానిని కొని, దాని బాడుగతోనే యిల్లు గడుపుకొను కుటుంబములు మన యూళ్లలో తక్కువేమియు కావు. అట్టి యింటి కష్టసుఖములు ఒక్కొక్కప్పుడు డ్రైవరు ఎదుటనున్న చిన్న గేజిలోని ముల్లుమీద ఆధారపడి యుండును. ఇంజనులో ఆయిలు ఒత్తిడిని తెలుపు ముల్లది. అది దిగినప్పుడు ఏమి చూడవలెనో నేడు చెప్పదలచితిమి.

గత వేసవిలో మేము విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డున కూర్చుండగా, ఆరు సిలిండర్ల పాత డీజిల్ లారీ యొకటి వచ్చి నిలిచెను. యజమానియే డ్రైవరు. హైదరాబాదులో సరుకు దింపి వచ్చుచున్నాడు.

"మేస్త్రిగారూ, పొద్దున చల్లమీద ముల్లు నాలుగు కిలోలమీద ఉంటుందండీ. సూర్యాపేట దాటాక రన్నింగులో ఒకటి దాటడం లేదు. స్లోలో అడుక్కే పోతోంది. రేపు చెన్నైకి లోడు ఒప్పుకున్నాను. కాస్త చిక్కటి ఆయిలు పోసి పంపించెయ్యండి" అని అతడు తొందరపడెను.

"ముందు ఇంజను ఆపవయ్యా. ఆయిలు సంగతి తరవాత" అనిరి మేస్త్రిగారు.

ఇంజను ఆగిన కొంతసేపటికి ఆయన ఆయిలు కొలత పుల్లను తీసి చూచిరి. మట్టము గీటుదగ్గరనే యున్నది. ఆ ఆయిలును రెండు వ్రేళ్ల నడుమ రుద్ది వాసన చూచిరి. డీజిలు కలిసినచో ఆయిలు పలుచబడి, ఆ వాసన పట్టియిచ్చును. మట్టము తగ్గుటకు మారుగా పెరుగును. అట్టి పెరుగుదలను చూచి సంతోషించిన డ్రైవర్లను కూడ మే మెరుగుదుము! నీరు కలిసినచో పాలు పోసిన కాఫీ రంగు వచ్చును. ఇచ్చట ఈ రెండును లేవు.

తరువాత ఆయన అనుమానించినది గేజినే. 1849లో ఫ్రాన్సు దేశీయుడైన యూజీన్ బూర్డన్ కనిపెట్టిన పద్ధతియే నేటికిని ఇట్టి గేజులలో నున్నది: వంకరగా చుట్టిన బోలు గొట్టము ఒత్తిడికి కొంచెము విచ్చుకొని ముల్లును త్రిప్పును. ఇంజనునుండి దానికి వచ్చు సన్నని గొట్టము పూడినను, నొక్కుకొనినను ముల్లు అబద్ధమాడును. కరెంటు గేజి యైనచో వైరు మొదలు సెండరు వరకు దేనికైనను చెడు గుణము పట్టవచ్చును. మేస్త్రిగారు తమ పెట్టెలోని నమ్మకమైన గేజిని ఇంజనుకే నేరుగా బిగించి చూచిరి. అదియు అంతే చూపెను. ఇక రోగము నిజమైనదే.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. పంపు ఒత్తిడిని పుట్టించునని పలువురనుకొందురు. పంపు ఆయిలును త్రోయును, అంతే. ఆ ఆయిలు బేరింగుల సన్నని సందులగుండ పోవుటకు కలుగు అడ్డగింతయే ఒత్తిడి. తూముదగ్గర ఎంత నీరు వదలినను, గట్టుకు గండ్లు పడినచో కాలువ చివరి చేనికి నీరెక్కదు గదా! పైగా సందు రెట్టింపైనచో, ఇతర పరిస్థితులు మారనంతవరకు, దానిగుండ పోవు ఆయిలు ఎనిమిది రెట్లగును. అరిగిన యింజనులో ఆయిలు వేడెక్కి పలుచబడగానే ముల్లు హఠాత్తుగా పడిపోవుటకు కారణమిదియే.

మరి చిక్కని ఆయిలు పోసిన నేమి? ముల్లు లేచును, నిజమే. 1883లో ఇంగ్లండులో బీచం టవర్ అను ఇంజనీరు రైలు యిరుసుల బేరింగులను పరీక్షించుచు, బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగుచుండగా దానినుండి ఆయిలు ఉబికి వచ్చెను. బిరడా బిగింపగా అదియు బయటికి వచ్చెను. తిరుగు ఇరుసే తన్ను మోయు ఒత్తిడిని ఆయిలుపొరలో పుట్టించుకొనునని దీనివలన తెలిసెను. పంపు పని ఆ పొరకు ఆయిలును ఎడతెగక అందించుట. చిక్కని ఆయిలుతో ముల్లు లేచినను అరుగుదల పోదు. పైగా తెల్లవారి చల్లగానున్న యింజనులో అట్టి ఆయిలు చివరి బేరింగును చేరుటకు ఆలస్యమగును.

రిలీఫ్ వాల్వు స్ప్రింగుక్రింద వాషరు వేయుట మరియొక చిట్కా. అది మాకు బొత్తిగా నచ్చదు. ఆ వాల్వు ఒత్తిడి మితిమీరినప్పుడే తెరచుకొనవలెను. వేడి యింజను స్లోలో నున్నప్పుడు అది మూసియే యుండును. స్ప్రింగును బిగించినందువలన అచ్చట లాభమేమి? అయినను వాల్వును విప్పి చూచుట తప్పనిసరి. గ్యాస్కెట్టు ముక్క చిక్కుకొని వాల్వు తెరచియే యుండిపోయినచో, చల్లమీదను వేడిమీదను ముల్లు తక్కువగనే యుండును, వైద్యము ఐదు నిమిషముల పని. వేగము హెచ్చుకొలది ముల్లు దిగుచున్నచో, ఛాంబరులోని జాలీ పూడినదేమో, పీల్చు గొట్టము గాలి లాగుచున్నదేమో చూడవలెను.

ఈ లారీకి చల్లమీద నాలుగు కిలోలు వచ్చుచున్నది గనుక మేస్త్రిగారి మనస్సు మొదటినుండియు బేరింగులమీదనే యున్నది. వాల్వు శుభ్రముగా నున్నది. ఛాంబరు దింపగా జాలీయు శుభ్రమే. కనెక్టింగు రాడ్ల క్యాపులు విప్పిరి. రెండు బేరింగులలో బూడిదరంగు పూత పోయి రాగి రంగు బయటపడి యున్నది. యజమాని ముఖము పాలిపోయెను. క్రాంకు గ్రైండింగనగా దానిని ఇంజనునుండి దింపవలెను. ఎన్ని దినములు, ఎంత డబ్బు!

మేస్త్రిగారు మాటాడక క్రాంకును తుడిచి, మొదట గోటితోను పిదప మైక్రోమీటరుతోను పరీక్షించిరి. చార లేదు, కొలత హద్దులోనే యున్నది. "అదృష్టవంతుడివి. బేరింగులు మారిస్తే చాలు. ఇలాగే చెన్నై పోయివుంటే బేరింగు పట్టేసి రాడ్డు బయటికొచ్చేది" అనిరి.

చెన్నై లోడు మరియొక లారీకి పోయెను. అతనికి ఆ బాడుగ నష్టమే. మెయిను బేరింగులను, పంపు పండ్ల సందును కూడ చూచి, అన్నియు బిగించునప్పటికి రెండవనాటి సాయంత్రమైనది. డీజిలు ఆపుచేసి, ముల్లు లేచువరకు సెల్ఫుతో త్రిప్పి, పిమ్మటనే యింజనును స్టార్టు చేసిరి. బాగుగా వేడెక్కిన తరువాత స్లోలో ముల్లు ఒకటిమీద నిలిచెను.

"ఎంత ఉంటే చాలండీ?" అని యజమాని అడిగెను.

"కంపెనీ పుస్తకం చెప్పిందే లెక్క. అది లేనిచోట మేము వెయ్యి చుట్లకు పది పౌన్లు, అంటే 0.7 కిలో ఉండాలంటాం. నీ బండికి వేడిమీద స్లోలో ఎంతుందో, పదిహేనువందల చుట్లమీద ఎంతుందో ఇవాళే తారీఖుతో రాసి అద్దం పక్కన అంటించుకో. మళ్లీ వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా."