నత్త తొట్టె అడుగున ఏమి ఉండాలి?

మంచినీటి నత్తను తెచ్చినప్పుడు మా ఇంటి తొట్టెలో పిల్లల ముచ్చటకొద్దీ పదునైన రంగురాళ్లు పరిచాము. కొన్నాళ్లకే దాని మెత్తని పాదం గీసుకుపోయింది. నత్తకు తగినది శుభ్రంగా కడిగిన సన్నని ఇసుక.

గుల్ల సున్నంతో ఏర్పడుతుంది. ఆమ్లగుణం గల నీటిలో అది క్రమంగా కరిగిపోతుంది. నానిన కొయ్య నీటికి ఆ గుణాన్ని పెంచుతుంది కనుక దానిని మితంగా ఉంచి, చిన్న సున్నపురాయిని చేర్చండి. రాగి నత్తకు విషం. రాగి వస్తువులేవీ వేయకండి. తొట్టెకు మూత వేసి, నీటిపైన గాలికి చోటు విడవండి.

దక్షిణ అమెరికా నుండి 1980ల్లో ఫిలిప్పీన్స్‌కు తెచ్చిన బంగారు ఆపిల్ నత్త అక్కడి వరినారును మేసి రైతులను కష్టపెట్టింది. కాబట్టి నత్తను గాని, గుడ్లను గాని, పాత ఇసుకను గాని చెరువులో, కాలువలో వేయవద్దు. పెంచలేనివారు మరొక పెంపకందారుకు అప్పగించగలరని మనవి.