కాఫీ తోట ఎవరి పేరున?

(ఓబులదేవరచెరువులో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

శెనక్కాయ పండే ఈ మెట్టనేలలో కాఫీ మాటెందుకని మీకనిపించవచ్చు. శెనక్కాయలు ఒలిచేది మనం. మండీకి పోయి డబ్బు లెక్కపెట్టుకునేది ఎవరు? అందుకే.

అరకు, పాడేరు కొండల్లో ఆదివాసీ కుటుంబాలు ఎకరా, రెండెకరాల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగలతో పాటు కాఫీ పండిస్తున్నాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ రుచి వెనక చాకిరీ చూడండి. ఒకే కొమ్మ మీద పచ్చికాయా పండూ ఉంటాయి. ఎర్రగా పండినవే ఏరాలంటే అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ పోవాలి. ఏరిన నాడే తొక్క తీయాలి, ఆలస్యమైతే పులిసిన వాసన వస్తుంది. జిగురు పోయేదాకా కడగాలి, ఎండబెట్టాలి, తిరగేస్తూ ఉండాలి, రాత్రి మంచుకు కప్పాలి. ఇదంతా లేకుండా పండ్లను అలాగే ఎండేసి అమ్మితే ధర తక్కువ. ఆ తేడాలో సగానికి పైగా ఆడదాని కష్టమేనని నేనంటాను.

మరి తోట ఎవరి పేరున? 2006 అటవీ హక్కుల చట్టం 4(4) సెక్షన్ ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేర్లా ఇవ్వాలి. ఒంటరి స్త్రీ కుటుంబ పెద్దయితే ఆమె పేరునే. అయినా ఖాతా భర్తదైతే కాఫీ డబ్బు అతని చేతికే పోతుంది. పట్టా ఒక్కటే చాలదు, తూకం చీటీ మీదా పేరు అడగాలి.

మన మెట్టపొలాలకు ఆ చట్టం వర్తించదు. ఇక్కడ అడిగి రాయించుకోవాల్సిందే. ఇంటికి పోయాక పాసుపుస్తకం తీయండి. ఫోటో ఎవరిదో చూసి, వచ్చే సమావేశంలో చెప్పండి.